గంట వినపడని జత

ఉమాపతికి గంట భయం పట్టుకుంది. దెయ్యం భయమైతే తాయెత్తు కట్టించుకోవచ్చు. గంట భయానికి ఎక్కడికి పోతాడు?

అతను ప్రొద్దుటూరులో జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాడు, సెలవుల్లో అవధానాలు చేస్తాడు. అవధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని తలా ఒక చిక్కు విసురుతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు ఈ అక్షరం వాడకూడదని అడ్డుపడతారు. ఒకరైతే పద్యంతో ఏ సంబంధమూ లేని కబుర్లు మధ్యమధ్యలో తెచ్చి నెత్తిన పోస్తారు. దాని పేరు అప్రస్తుత ప్రసంగం. ఇంకొకరు తమకు తోచినప్పుడల్లా ఒక గంట కొడుతుంటారు. అవధాని ఇవన్నీ మోస్తూనే పద్యాలు కట్టాలి, చివర్లో వాటన్నిటినీ అప్పజెప్పాలి, ఎన్ని గంటలు మోగాయో కూడా చెప్పాలి.

కడప సభలో ఉమాపతి పద్యాలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. చప్పట్లే చప్పట్లు. గంటల దగ్గరికొచ్చేసరికి రెండు తక్కువ చెప్పాడు. ముందు వరసలో ఒక పెద్దాయన "అయ్యో" అన్నాడు. ఆ ఒక్క అయ్యో అన్ని చప్పట్లనూ మింగేసింది.

తిరుగు బస్సులో ఒకటే గొణుగుడు. హాలు బయట జనరేటరు మోతట, ఎవరి పిల్లో ఏడ్చిందట, వెనక ఎవడో ఫోన్లో మాట్లాడాడట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎంతసేపూ అదే పాట.

పక్కన కూర్చున్న విరూపాక్షయ్య గారు అంతా విన్నారు. ఆయన ఉమాపతికి గురువు, రిటైరైన తెలుగు పండితులు. ఒకప్పుడు సీమలో ఆయన అవధానమంటే జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు గొంతు సహకరించక, శిష్యుడి సభలకు సంచాలకుడిగా కూర్చుంటున్నారు. మైదుకూరు దాటాక ఆయన నోరు విప్పారు.

"వచ్చే సభలో కూడా గంట తప్పితే, ఒక ఏడాది నువ్వు పద్యం చెప్పొద్దు. పృచ్ఛకుల్లో కూచో. గంట కొట్టు."

"అయ్యవారూ!"

"కొట్టేది కూడా విద్యేరా," అని ఆయన కిటికీ వైపు తిరిగారు.

చప్పట్ల రుచి మరిగినవాణ్ని గంట కొట్టమంటే వాడికి తల కొట్టేసినట్టే ఉంటుంది. ఉమాపతికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ వచ్చే సభ ఉగాదికి, పోర్ట్ బ్లెయిర్‌లో. అక్కడి తెలుగు సంఘంవాళ్లు ఇద్దరికీ చెన్నై నుంచి విమానం టిక్కెట్లు పంపారు. ఉమాపతి ఎప్పుడూ విమానం ఎక్కలేదు. కాలేజీలో లెక్కల మాస్టారు అతని చెవిలో జోరీగను వదిలాడు. "ఆ హోరుకు బుర్ర వాచిపోతుంది స్వామీ! దిగినాక ఒక పూటంతా చెవుల్లో గుయ్యిమంటుంది. చప్పుడు ఆపే ఇయర్‌ఫోన్లు కొనుక్కో, లేకపోతే నీ పద్యాలు సముద్రంలోనే పోతాయి."

అందుకని చెన్నైలో దిగిన రోజు సాయంత్రం గురువుగారిని వెంటబెట్టుకుని ఒక పెద్ద షాపుకు వెళ్లాడు. అమ్మే కుర్రవాడు నాయుడుపేటవాడు. తెలుగు వినగానే మొహం వికసించి, ఉన్నవన్నీ తీసి గాజు బల్ల మీద పరిచాడు. డిప్పల్లాగా చెవులు మొత్తం కప్పేవి కొన్ని, చెవిలోకి దూర్చుకునే చిన్నవి కొన్ని. ఒక స్పీకరులో విమానం మోత పెట్టి, "ఇప్పుడు పెట్టుకుని చూడండి సార్," అన్నాడు.

ఉమాపతి చిన్నవి పెట్టుకున్నాడు. మోత ఎవరో తలుపు మూసినట్టు ఆగిపోయింది.

"ఆహా!"

"ఒక్క నిమిషం," అన్నారు విరూపాక్షయ్య గారు. భుజానికున్న సంచిలోంచి సాధన గంట తీశారు. చిన్న ఇత్తడి గంట. ఆయన ఎక్కడికి వెళ్లినా అది వెంటే ఉంటుంది. దాన్ని ఒకసారి మోగించారు. షాపులో వాళ్లంతా తిరిగి చూశారు.

"వినపడిందా?"

ఉమాపతి మొహం వాడిపోయింది. "వినపడింది అయ్యవారూ. సన్నగా."

"ఇంజను హోరులాంటి ఒకే రకం మోతను ఇది బాగా తీసేస్తుంది సార్," అన్నాడు కుర్రవాడు. "గంటలు, మనుషుల మాటలు పూర్తిగా ఆపలేదు. ఇంకొంచెం ఖరీదులో ఇంకోటుంది."

ఆ ఇంకోటి పెట్టారు. గురువుగారు గంట మోగించారు. ఇంకా వినపడింది. రబ్బరు బుడిపెలు మార్చారు. చెవికి సరిపడే బుడిపె లేకపోతే ఎంత పెట్టి కొన్నా దండగేనని కుర్రవాడు వివరంగా చెప్పాడు. పెద్ద బుడిపె పెట్టాక గంట ఎక్కడో పక్క వీధిలో మోగినట్టుంది.

"ఇప్పుడు లోపల ఏదైనా పాట పెట్టుకోండి సార్. గంట కాదు గదా, గుడి కూలినా వినపడదు."

పాట పెట్టారు. విరూపాక్షయ్య గారు శ్రద్ధగా, గట్టిగా, శిష్యుడి మొహంలోకి చూస్తూ గంట మోగించారు. ఉమాపతి నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మోగించారు. మళ్లీ ఊపాడు.

"అద్భుతం అయ్యవారూ! ఒక్కటీ వినపడలేదు!"

"సంతోషం. కొనుక్కో," అని ఆయన గంటను సంచిలో పెట్టుకున్నారు. కుర్రవాడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి బిల్లు రాశాడు.

మర్నాడు విమానంలో ఉమాపతికి కిటికీ పక్క సీటు దొరికింది. ఈ చివర గురువుగారు కూర్చున్నారు. మధ్యలో ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. కూర్చున్న దగ్గర్నుంచీ మాటలే. ఆ గొంతు ఉందే, ఏటి అవతలి గట్టు మీదున్నవాళ్లను పిలిచే గొంతు. పేరు సింహాచలమ్మ. పుట్టింది శ్రీకాకుళం పక్కన. పెళ్లై అండమాను వచ్చి నలభై ఏళ్లయింది. అన్న మనవరాలి పెళ్లికి ఊరెళ్లి తిరిగొస్తోంది. బెల్టు పెట్టుకునేలోపే ఇదంతా చెప్పేసింది.

విమానం లేచింది. ఉమాపతి చెవులు మూసుకున్నాడు. హోరు చక్కగా పోయింది. పోయి ఊరుకుందా? అంతవరకూ హోరులో కలిసిపోయిన సింహాచలమ్మ గొంతు ఇప్పుడు ఒక్కో అక్షరం విడివిడిగా వినపడసాగింది. 'ఇదెక్కడి పీడరా నాయనా' అనుకుని, ఫోన్లో ఉన్న తన నంద్యాల అవధానం పెట్టుకున్నాడు. అది అతని మంచి సభల్లోకెల్లా మంచి సభ. సాధన చేసినట్టూ ఉంటుంది. శబ్దం పెంచాడు. ఇంక ఆవిడ మూతి మాత్రమే కదులుతోంది.

కాసేపయ్యాక చూస్తే గురువుగారు నవ్వుతున్నారు. మామూలు నవ్వు కాదు, కండువాతో కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన్ని అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో! ఉమాపతికి కొంచెం కుళ్లు కూడా పుట్టింది. ఆవిడ సంచిలోంచి జీడిపప్పు పొట్లం తీసి ఆయనకు పెట్టి, ఇతని వైపూ చాపింది. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ అతని చెవి వైపు వేలు చూపించి ఏదో అడిగింది. జవాబు కోసం చూసింది. వినపడటం లేదన్నట్టు సైగ చేసి, ఒక నవ్వు నవ్వి, కళ్లు మూసుకున్నాడు. నంద్యాల సభ చప్పట్లు కొడుతోంది.

దిగాక గురువుగారు అడిగారు: "నిద్ర పట్టిందా?"

"లేదయ్యవారూ. దారంతా సాధన చేసినా."

"మంచిది."

మర్నాడు సాయంత్రం సంఘం హాలు నిండిపోయింది. పైన ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. పిల్లలు కుర్చీల మధ్య పరుగులు పెడుతున్నారు. ఉండుండి రేవులోంచి ఓడ కూత.  దీనికంటే కడప జనరేటరే నయమనుకున్నాడు ఉమాపతి.

అంతలో సంఘం కార్యదర్శి చేతులు నలుపుకుంటూ వచ్చాడు. అప్రస్తుత ప్రసంగం చెయ్యాల్సిన బ్యాంకు మేనేజరు ఇంకో దీవిలో చిక్కుకుపోయాడు, సముద్రం బాగాలేక పడవలు ఆపేశారు.

"దానికేముంది," అన్నారు విరూపాక్షయ్య గారు. "నేను పిల్చిన మనిషి ఒకామె వచ్చింది. అమ్మా, రా తల్లీ, పైకి రా."

రెండో వరసలోంచి సింహాచలమ్మ లేచింది. ఉమాపతి చెయ్యి తనంతట తానే చెవి మీదికి వెళ్లింది.

అవధానం మొదలైంది. గంట దగ్గర ఓడరేవులో పనిచేసే చందన అనే అమ్మాయి కూర్చుంది. ముందు ఏ సూచనా ఇవ్వకుండా కొట్టేసి అమాయకంగా చూసే రకం. ఉమాపతి పళ్లు బిగించి, మిగతా చప్పుళ్లన్నిటినీ బయటికి నెడుతూ గంటను మాత్రం పట్టుకోబోయాడు. మెడ నరాలు లాగేస్తున్నాయి.

"బాబూ, ఉగాది పచ్చడి తిన్నావేటి?" సింహాచలమ్మ అందుకుంది.

"తినబోతుంటే ఈ సమస్య చేతిలో పెట్టారమ్మా. పచ్చడి కంటే ఇదే చేదుగా ఉంది."

సభ నవ్వింది. రెండు ఆవృత్తాలు, అంటే రెండు చుట్లు, అలా గడిచాయి. మూడోసారి ఆవిడ మైకు దగ్గరికి జరిగింది. ఆ గొంతుకు మైకు అవసరమే లేదనుకోండి.

"నిన్న ఇమానంలో నిన్నొక మాట అడిగినాను. నీ సెవుల్లో అయ్యి ఉన్నాయి, నీకు వినపడనేదు. ఇప్పుడడగొచ్చా?"

కార్యదర్శి ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, సరదాగా ఏదైనా..."

"అడగనీయండి," అన్నారు గురువుగారు.

"మా ఆయన రంపాల మిల్లులో పన్జేసినారు. ఆ మోతకి సెవులు పోనాయి. ఆకర్న పదేళ్లు ఏటీ వినపడనేదు. నేను అరిసి అరిసి మాటాడీదాన్ని. ఆరు నవ్వీవోరు. మా ఆయన పోయి రెండేళ్లయినాది, నా గొంతు మాత్రం తగ్గనేదు." కొందరు నవ్వబోయి ఆగారు. "నిన్న నువ్వు సెవులు మూసుకొని కూకుంటే ఆరే గుర్తొచ్చినారు. సెవులు మూసుకుపోతే లోపలేటి వినపడతాది బాబూ? ఆరున్నప్పుడు అడగాలని నాకు తోచనేదు. నువ్వు సెప్పగలవు గదా."

గంట మోగింది.

అప్రస్తుత ప్రసంగానికి చమత్కారంగా జవాబు చెప్పాలి. ఉమాపతి నాలుక మీదికి ఒకటి కాదు, రెండు వచ్చాయి కూడా. రెండూ మింగేశాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"నా గొంతేనమ్మా," అన్నాడు. "నా పద్యాలే పెట్టుకుని విన్నాను. నాకు ఇంకేమీ వినపడలేదు."

ఆవిడ అతని వైపు వంగింది. ఆ గొంతు అంత తగ్గడం హాల్లో చాలామంది మొదటిసారి విన్నారు.

"ఆరిక్కూడా అంతేనంటావా?"

"కాదమ్మా." ఉమాపతి సమస్యనూ మరిచిపోయి ఆవిడ వైపు పూర్తిగా తిరిగాడు. "ఆయన నవ్వేవారన్నారు కదా. మీ మొహం చూస్తుండి ఉంటారు. నేను కళ్లు కూడా మూసుకున్నాను."

"అవును బాబూ," అంది సింహాచలమ్మ. "నా మూతే సూసీవోరు. అన్నం తింటా గూడా సూసీవోరు." కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇంక నీ పజ్జెం సెప్పుకో," అంది.

ఉమాపతి పద్యం అందుకున్నాడు. పళ్లు ఎప్పుడు వదులయ్యాయో అతనికే తెలియదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పిల్లలు అరుస్తున్నారు, ఓడ కూసింది, సింహాచలమ్మ మామిడికాయల ధర అడిగింది. దేన్నీ నెట్టలేదు. వచ్చినవి వచ్చి కూర్చున్నాయి. వాటి మధ్యనే గంటలూ కూర్చున్నాయి.

చివర్లో పద్యాలన్నీ అప్పజెప్పాక గురువుగారు మైకు తీసుకున్నారు. "గంటలు?"

"పదిహేడు."

చందన లేచి నిలబడింది. "పదిహేడే!" హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది ఎవరో చెప్పక్కర్లేదు.

 భోజనాల దగ్గర విరూపాక్షయ్య గారు తన ఆకులోని బొబ్బట్టు తీసి శిష్యుడి ఆకులో వేశారు.

తిరుగు విమానంలో మధ్య సీటు ఉమాపతిది. కిటికీ దగ్గర ఒక ముసలాయన కూర్చున్నాడు. మొదటిసారి ఎక్కినట్టున్నాడు, సీటు చేతులు గట్టిగా పట్టుకున్నాడు. గురువుగారు ఈ చివర సర్దుకుని కూర్చుని చెయ్యి చాపారు.

"ఏమిరా, ఆ చెవుల్లో పెట్టుకునేటివి యాడుండాయి?"

"సంచిలో అయ్యవారూ. ఇంక నాకు వాటితో పని లేదు. లెక్కల మాస్టారికి ఇచ్చేస్తా."

"ఇట్లియ్యి."

ఉమాపతి తలొంచుకుని డబ్బీ ఇచ్చాడు. విరూపాక్షయ్య గారు వాటిని తిప్పి చూశారు. పెద్ద బుడిపెలు తీసి చిన్నవి తొడిగారు. షాపు కుర్రవాడు చెప్పినట్టే మెలితిప్పి రెండు చెవుల్లోనూ పెట్టుకున్నారు. విమానం లేచి హోరందుకుంది. ఆయన మొహంలో హాయి కనబడింది.

"మంచి జతే కొన్నావురా!" అన్నారు, చెవులు మూసుకున్నవాళ్లు మాట్లాడినట్టు గట్టిగా.

ఉమాపతి నోరు వెళ్లబెట్టాడు. "అయ్యవారూ, మీరు... వీటిని..."

అంతలో కిటికీ దగ్గరి ముసలాయన ఏదో అన్నాడు. హోరులో సగం వినపడలేదు.

గురువుగారు వెనక్కి వాలారు. "నాకీ పొద్దు అవధానం లేదు. నిద్రపోతా," అని, గడ్డంతో కిటికీ వైపు చూపించి కళ్లు మూసుకున్నారు. "నీకుంది."

ఉమాపతి ముసలాయన వైపు తిరిగి, వంగి, చెవి దగ్గరగా పెట్టాడు.

"ఏమన్నారు తాతా? ఇంకోసారి చెప్పండి."