కాటుకమ్మ చెప్పిన కూడికలు

మిరపతోట గట్టు మీద కానుగ చెట్టు, దాని కింద కాటుకమ్మ బడి. కాటుకమ్మ ఒక కాకి. లోకమంతా తప్పుడు లెక్కలకు కాకిలెక్కలని పేరు పెట్టడం ఆమెకు పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఒళ్ళు మంట. ఆ మచ్చ తన రెక్కల మీదుగానే పోవాలని పంతం పట్టి, చుట్టుపక్కల కొట్టాల్లోని పిల్లల్ని పోగుచేసి కూడికలు మొదలుపెట్టింది. జాతి పరువు నిలబెట్టడానికి దేవుడు తననే ఎందుకు ఎంచుకున్నాడా అని అప్పుడప్పుడూ ఆలోచించేది. ఇంకెవర్ని ఎంచుకుంటాడులే అని సర్దుకునేది.

ఆమె పద్ధతి మహా సులువు. లెక్కను కథలా చెబుతుంది. పిల్లలు చెయ్యాల్సిందల్లా కథలోని రెండు అంకెలు పట్టుకుని, "మొత్తం" అన్న మాట వినబడగానే కలిపెయ్యడం. కథ సంగతి మనకెందుకు అనేది. ఇందులో మేకపిల్ల దిట్ట, లెక్క సగంలో ఉండగానే జవాబు అరిచేది. గేదెదూడ ఒక్కటే కొరకరాని కొయ్య. దడి మీద నాలుగు పిచ్చుకలున్నాయి, ఇంకో మూడు వచ్చి వాలాయి, మొత్తం ఎన్ని అంటే అది నెమరు ఆపి, ఆ దడి ఎక్కడుంది, వచ్చిన మూడూ పిచ్చుకలేనా అని అడిగేది. అడిగినప్పుడల్లా కాటుకమ్మ దాన్ని ఎండలో నిలబెట్టేది. పంతుళ్ళు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

ఎండాకాలం మొదట్లో, మోటారు షెడ్డు అవతల తుమ్మచెట్టు మీద కాటుకమ్మ గూడు కట్టి మూడు గుడ్లు పెట్టింది. అయినా బడి మానలేదు. పొద్దున్నే గంటసేపు పాఠం చెప్పి, పరుగున వెళ్ళి పొదుగుతూ కూర్చునేది.

ఒకరోజు పాఠం ముగుస్తుండగా కోకిలయ్య వచ్చి వాలాడు. ఈ బడి గురించి పది ఊళ్ళు చెప్పుకుంటున్నాయని, ఒక్క లెక్క అడిగి పిల్లల తెలివి కళ్ళారా చూసి పోతానని బతిమాలాడు. పొగడ్త చెవిన పడితే కాటుకమ్మ ముక్కు దానంతటదే పైకి లేస్తుంది. గూటికి వెళ్ళే వేళయిందన్న సంగతే మరిచింది.

"ఒక గూట్లో మూడు గుడ్లున్నాయి పిల్లలూ," అన్నాడు కోకిలయ్య. "తల్లి పని మీద బయటికెళ్ళింది. అంతలో ఇంకో రెండు గుడ్లు వచ్చి చేరాయి. మొత్తం ఎన్ని?"

"ఐదు," అంది మేకపిల్ల, అతను నోరు మూసేలోపే.

"ఆ రెండూ ఎవరు పెట్టారండీ?" అంది గేదెదూడ.

కాటుకమ్మకు అతిథి ఎదుట తల తీసేసినట్టయింది. "పెట్టినవాళ్ళ పేర్లతో నీకేం పనే మొద్దూ? అంకెలు చూసుకో," అని దాన్ని ఎండలోకి పంపింది. పోనీలెండి అక్కయ్యా, అందరికీ లెక్కలు వస్తాయా అని కోకిలయ్య సర్దిచెప్పాడు. ఇంకో నాలుగు లెక్కలు తీరిగ్గా అడిగి, తుమ్మచెట్టు వైపునుంచి వాళ్ళావిడ పిలుపు వినబడ్డాక సెలవు తీసుకున్నాడు.

గూట్లో ఐదు గుడ్లున్నాయి. కాటుకమ్మ కాసేపు తెల్లబోయి చూసింది. తర్వాత మూడూ రెండూ ఐదు అని గోళ్ళు మడిచి లెక్క చూసుకుంది. బడిలో వచ్చిన జవాబూ అదే. జవాబు సరిపోయాక లెక్కను మళ్ళీ చూసే అలవాటు ఆమెకు లేదు. పైగా తనలాంటి పంతులమ్మ కడుపున పడ్డాక గుడ్లు కూడా కూడికలు నేర్చాయని మురిసిపోయి, ఐదింటి మీదా రెక్కలు పరిచింది.

ఆ రెండే ముందుగా పిల్లలయ్యాయి. వాటి నోళ్ళు పెద్దవి, ఆకలి ఇంకా పెద్దది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఏది తన పిల్లో తెలియని కాకికి అన్నీ ముద్దే. తెచ్చిన మెతుకూ పురుగూ ముందు తెరిచిన నోట్లో పడేవి. వెనక పుట్టిన మూడూ గూటి అంచున ఒదిగి చూస్తుండేవి. వాటిలో అన్నిటికన్నా చిన్నది ఒక పొద్దున అసలు నోరే తెరవలేదు. ఆ వారంలోనే కోకిలయ్య ఎక్కడినుంచో పిలిస్తే, పెద్దవి రెండూ అదే గొంతుతో బదులు పలికి ఎగిరిపోయాయి.

కాటుకమ్మ కోకిలయ్యను నోరారా తిట్టబోయి, పాపం, అతను దాచిందేముందని ఆగిపోయింది. ఎన్ని గుడ్లున్నాయో చెప్పాడు, ఎన్ని పెడుతున్నారో చెప్పాడు, తల్లి గూట్లో లేదని కూడా చెప్పాడు. అంతకన్నా విడమరిచి ఏ దొంగా చెప్పడు. తనే చప్పట్లు కొట్టి పంపించింది.

మర్నాడు బడిలో గేదెదూడను ముందు వరసలో కూర్చోమంది.

"ఒక కాకి ఉండేది," అని మొదలుపెట్టింది. "మహా తెలివైంది. పదిమందికి లెక్కలు చెప్పేటంత."

పిల్లలు కిసుక్కున నవ్వారు. నవ్వండి నవ్వండి అని తనూ నవ్వి, ఆ కాకి గూట్లో మూడు గుడ్లుండగా ఇంకో రెండు చేరాయని, మొత్తం ఎన్నో చెప్పమని అడిగింది. మేకపిల్ల ఎప్పటిలాగే ఐదని అరిచింది. గేదెదూడ నెమరు ఆపి, ఎండ వైపు ఒకసారి చూసుకుని, భయపడుతూనే నోరు విప్పింది.

"అందులో ఆ కాకి పిల్లలు ఎన్ని టీచరమ్మా?"

కాటుకమ్మ కొమ్మ దిగి దాని పక్కన వాలింది.

"మూడు, తల్లీ. ఆ మాట అడగడం కాకికి తెలిసేసరికి రెండు మిగిలాయి."

ఎవరివి వచ్చి చేరాయో అడగకుండా కలిపితే, కూడిక ఒప్పే అవుతుంది, కొంప మాత్రం మునుగుతుంది.