నేరేడు చెట్టు కింద సుగుణ

అనగనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే పెద్ద ఊరేలే, ఒక తొమ్మిదంతస్తుల మేడ ఉండేది. ఆ మేడలో తరళ అనే పిల్ల ఉండేది. దానికి నీ అంత వయసు. ఊఁ కొడుతూ విను బుజ్జీ, లేకపోతే నేనే నిద్రపోతాను.

తరళకి బడి అవగానే డాన్సు. డాన్సు అవగానే అబాకస్. ఆదివారం పొద్దున్నే ఈత, మధ్యాహ్నం కీబోర్డు. ఎక్కడికి వెళ్ళినా విజిల్ ఊదడానికి ఒకరు, చప్పట్లు కొట్టడానికి ఒకరు. పాపం, ఆ పిల్లకి వీపు దురద పెట్టినా ఎవరైనా సెలవిస్తే తప్ప గోక్కోవడానికి తీరిక ఉండేది కాదు.

వాళ్ళమ్మ పేరు సుగుణ. నలుగురు ఆడవాళ్ళు కూడితే చాలు, సుగుణ తన చిన్నతనం గురించి మొదలుపెట్టేది.

"మేమా? బడి వదిలితే ఇంటి ముఖం చూసేవాళ్ళమా? చింతచెట్టు చిటారు కొమ్మ నాదే. కాలవలో దూకితే మళ్ళీ చీకటి పడ్డాకే పైకి రావడం. ఇప్పటి పిల్లలకి ఏం తెలుసు!"

తరళ నోరు తెరుచుకుని వినేది. మేడ వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన ఒక నేరేడు చెట్టు ఉంది. అమ్మలాగే తనూ ఒక్కసారి ఆ చెట్టు మీద కూర్చోవాలి. తరళ కోరికల్లా అదొక్కటే.

అప్పుడేమైందంటే, క్లాసులు జరిగే హాలుకి రంగులు వేస్తున్నారని మూడు రోజులు అన్నీ మానేశారు.

మొదటి రోజు సాయంత్రం సుగుణ "వెళ్ళి ఆడుకో తల్లీ" అంది. తరళ దిగింది. మేడలో పిల్లలందరూ అప్పటికే దిగారు. దిగి ఏం చేశారనుకున్నావు? వరసలో నిలబడ్డారు! పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఎవరో వచ్చి మొదలుపెట్టమంటారని చూశారు. ఎవరూ రాలేదు. తరళ పైకి వచ్చేసింది.

"ఏమే, అప్పుడే వచ్చేశావు?"

"నాకు ఆడుకోవడం రాదమ్మా" అని తల వంచుకుంది. చిన్నపిల్ల, ఆ మాట చెప్పడానికి ఎంత సిగ్గుపడిందో!

రెండో రోజు సుగుణ తనే దిగింది. "దాగుడుమూతలు ఆడండర్రా. ముందు దొంగెవరో తేలాలిగా? పంటలు వేయండి" అంది. పంటలంటే, అందరూ ఒక్కసారే చెయ్యి చాచి, వెల్లకిలానో బోర్లానో వేయాలి. అందరికన్నా వేరుగా వేసినవాళ్ళు పండినట్టు. వాళ్ళు తప్పుకోవాలి. చివరికి మిగిలినవాళ్ళే దొంగ. సుగుణ ఎంత బాగా నేర్పిందనీ! పిల్లలు కేరింతలు కొట్టారు. కింది ఫ్లాటు పిల్లాడు ఇంద్రనీల్ దొంగ అయ్యాడు.

"ఇప్పుడు నేను ఎంతసేపు కళ్ళు మూసుకోవాలి ఆంటీ? వీళ్ళెక్కడ దాక్కోవాలి? పట్టుకున్నాక ఏం చేయాలి?"

"అదీ... అది మీరే చూసుకోవాలి" అని సుగుణ గబగబా లిఫ్టెక్కేసింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఎందుకో తరళకి అర్థం కాలేదు.

ఆ తర్వాత పిల్లలు వాళ్ళే చూసుకున్నారు. తొండి అన్నారు, పోట్లాడుకున్నారు, కటీఫ్ చెప్పుకున్నారు, మళ్ళీ కలిశారు. ఆట వచ్చేసింది.

మూడో రోజు తరళ నేరేడు చెట్టెక్కింది. కింది పంగ దాటి, పై కొమ్మ మీద కాళ్ళు వేలాడేసి కూర్చుంది. నాలుక ఊదారంగు, గౌను ఊదారంగు. ఆ పక్క కొమ్మ మీద మరో ఇద్దరు ఆడపిల్లలు. అందరికన్నా పైన ఇంద్రనీల్.

సుగుణ బాల్కనీలోంచి చూసింది. అంతే.

"ఏయ్ తరళా! దిగు! ఆడపిల్లవి, ఆ కాళ్ళు వేలాడేయడమేంటి? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? దిగుతావా, నన్ను రమ్మంటావా?"

ఆ కేక మేడంతా వినబడింది. తరళ దిగింది. తమ పేరు పిలవకపోయినా ఆ ఇద్దరు ఆడపిల్లలూ గౌన్లు సర్దుకుంటూ దిగిపోయారు. ఇంద్రనీల్ దిగలేదు. వాణ్ణెవరూ దిగమనలేదుగా!

ఇంటికి వచ్చి తరళ ఏడవలేదు. "కొమ్మ విరుగుతుంది దిగమన్నా బాగుండేదమ్మా. నువ్వు చింతచెట్టెక్కినప్పుడు నిన్నెవరూ దిగమనలేదా?" అని అడిగింది.

సుగుణ గోడకేసి తిరిగింది. ఎందుకంటే బుజ్జీ, సుగుణ ఏ చెట్టూ ఎక్కలేదు. చెట్టెక్కింది వాళ్ళన్న. కాలవలో దూకిందీ వాళ్ళన్నే. సుగుణ చెట్టు కింద పరికిణీ పట్టుకుని, అన్న రాల్చిన కాయలు ఏరేది. గట్టున కూర్చుని, అన్న చొక్కాకి కాపలా కాసేది. దాగుడుమూతల్లో పంటలు వేసేదాకా ఉండేది. సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి వాళ్ళమ్మ కేకేసేది. "సుగుణా! తమ్ముణ్ణి ఎత్తుకో! ఆడపిల్లవి, ఆ గెంతులేంటి?" ఆ తర్వాత ఆట ఎలా సాగుతుందో ఆమె చూడనేలేదు.

ఇన్నేళ్ళూ అన్న చిన్నతనాన్ని తనదని చెప్పుకుంది. చెప్పీ చెప్పీ తనే నమ్మేసింది. ఇవాళ బాల్కనీలో వేసిన కేక మాత్రం అచ్చంగా వాళ్ళమ్మదే.

అదంతా తరళకి చెప్పింది. కూతురి ముఖం చూడలేక, గోడకేసి చూస్తూ చెప్పింది.

మర్నాడు హాలు తెరిచారు. "ఇవాళ డాన్సు వద్దులే, చెట్టు దగ్గరికి వెళ్ళు" అంది సుగుణ. తరళ అప్పటికే గజ్జెల సంచి తగిలించుకుని చెప్పులేసుకుంది.

"వద్దులే అమ్మా. నలుగురూ చూస్తారు."

అంత చిన్న నోట ఆ మాట విని సుగుణకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు ఏం చేసిందంటే, తరళ చెయ్యి పట్టుకుని కిందికి దిగింది. కొంగు నడుములో దోపి, నేరేడు చెట్టు పట్టుకుంది. జారింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. మూడోసారి కింది పంగలోకి ఎక్కి, ఇరుక్కుపోయింది. పైకి పోలేదు, కిందికి రాలేదు. బాల్కనీలన్నీ నిండిపోయాయి.

"ఏమండీ సుగుణగారూ, చిటారు కొమ్మ మీదేగా!" అని ఎవరో నవ్వారు.

సుగుణ తల దించుకుంది. చెట్టు మాత్రం వదల్లేదు. "ఆ కొమ్మ మా అన్నదండీ. నేనెక్కింది ఇదే మొదటి చెట్టు" అంది.

తరళ గజ్జెల సంచి కింద పెట్టింది. చెప్పులు విడిచింది. "ఎడమ కాలు ఆ బుడిపె మీద పెట్టమ్మా" అంటూ, వాళ్ళమ్మ భుజం మీదుగా పైకి పోయింది.

సుగుణకి ఆ సిగ్గు ఇంకా పోలేదట. పోకపోవడమే మంచిదిలే. మళ్ళీ కేకేయబోతే అదే గొంతులో అడ్డం పడుతుంది.

తరళేమో కొమ్మకి,
సిగ్గేమో అమ్మకి,
కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
పొద్దున్నే నువ్వు చెట్టుకి!