అత్తిపత్తిది సిగ్గు కాదు

ఒకప్పుడు అత్తిపత్తి ఇప్పట్లా నేల మీద పాకే మొక్క కాదు. నమ్మరు కదూ! మనిషి కంటే ఎత్తుగా ఉండేది. ఒక్కో ఆకు చేటంత. ఒంటి మీద వెతికినా ఒక్క ముల్లు కనపడేది కాదు. అన్నిటికంటే వింత చెప్పనా? దానికి ముడుచుకోవడమే తెలీదు. పగలైనా రాత్రైనా, వాన కొట్టినా గాలి తోసినా, ఆకులన్నీ బార్లా చాపుకుని నిలబడేది.

అది ఒక కొండ మీద ఉండేది. ఆ కొండ ఇద్దరు అక్కచెల్లెళ్ళది. అక్క పేరు వాన, చెల్లెలి పేరు చలి. సగం ఏడాదికి పైగా వాన కొండ మీదే కురిసి కురిసి, అలిసిపోయి, సముద్రం ఒడ్డున పుట్టింటికి పోయేది. అక్క అటు దిగగానే చెల్లెలు ఇటు ఎక్కేది. ఎండ మాత్రం చుట్టపుచూపుగా వచ్చి, నాలుగు రోజులుండి వెళ్ళిపోయేది.

కొండ మీది ఆడవాళ్ళు పనికి పోతూ పసిపిల్లల్ని అత్తిపత్తి ఆకుల్లో పడుకోబెట్టేవాళ్ళు. ఆకు ఊగేది, పిల్ల నిద్రపోయేది. అత్తిపత్తికి అదంటే ఎంత గర్వమో! "నీకెంతమంది పిల్లలు?" అని పక్కనున్న టేకు చెట్టుని ఊరికే అడిగి ఏడిపించేది.

ఇక చలి సంగతి చెప్పాలి. చలి చెడ్డదని అనుకునేరు, కాదు. ఆవిడకి పసిపిల్లలంటే ప్రాణం. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆవిడ ఎత్తుకున్న పిల్ల పెదాలు నీలంగా అయిపోయేవి. ఆవిడ ఇంకాస్త ముద్దుగా గుండెకి హత్తుకుంటే, ఆ పిల్ల మళ్ళీ కళ్ళు తెరిచేది కాదు. ఎందుకలా అవుతోందో చలికి ఎప్పటికీ అర్థం కాలేదు.

చలి పిల్లల్ని పేరు పెట్టి పిలిచేది. పిలిస్తే పసిపిల్ల ఏమంటుంది? "ఊ" అంటుంది. ఊ అన్న పిల్లనే చలి ఎత్తుకునేది. అందుకని ఆ కొండ మీద ఒక ఆచారం ఉండేది. చలి రోజుల్లో పుట్టిన పిల్లకి, చలి కొండ దిగేదాకా పేరు పెట్టేవాళ్ళు కాదు. అందరినీ "ఓ బుడ్డీ" అనే పిలిచేవాళ్ళు. ఒక ఇంట్లో "ఓ బుడ్డీ" అంటే పది ఇళ్ళలో ఏడుపులు లేచేవి.

మరి చలి వెళ్ళిపోయిందని తెలిసేది ఎలా? దేవుడమ్మ మోకాళ్ళు చెప్పేవి.

దేవుడమ్మ ఆ ఊళ్ళో అందరికంటే పెద్దది. చలి ఎక్కిన రోజు ఆవిడ మోకాళ్ళు పట్టేసేవి. చలి దిగాక వారం తిరిగేసరికి వదిలేసేవి. అవి ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఆ ఏడు దేవుడమ్మ కోడలు చిలకమ్మకి చలి రోజుల్లోనే ఆడపిల్ల పుట్టింది. దేవుడమ్మకి అది తొలి మనవరాలు. ఎప్పుడెప్పుడు పేరు పెడదామా అని ముసలామె కాలు నిలవడం లేదు. నిలవడం లేదని అనడమే గానీ, మోకాళ్ళు పట్టేసి కదల్లేకపోతోంది పాపం.

అలా ఉండగా ఒక రోజు తెల్లవారింది. తెల్లవారితే ఏముంది అంటారా? ఆ రోజు మంచు లేదు! చూరు నుంచి ఒక్క బొట్టు కారలేదు. గాలి గోరువెచ్చగా ఉంది. నీలంగా, శుభ్రంగా, ఇంత ఆకాశం!

ఊరు ఊరంతా గుమ్మాల్లో నిలబడిపోయింది. నోళ్ళు తెరిచినవాళ్ళు మూయలేదు. కోడిపుంజు కూయడం మరిచిపోయింది. మట్టి లోపల నిద్రపోతున్న బోదురుకప్ప ఒకటి గబుక్కున బయటికొచ్చి, గుడ్లు మిటకరించింది.

"ఓలమ్మో! నన్నెవులు లేపినారు? వేసంకాలం వచ్చేసినాదేటి?" అని అడిగింది అత్తిపత్తిని.

"నాకూ తెల్దు మావా. ఇంకా సలి రోజులే కదా?" అంది అత్తిపత్తి. దానికీ బిత్తరగానే ఉంది.

మర్నాడూ అలాగే ఉంది. ఆ మర్నాడూ అంతే. ఇంతకీ ఏం జరిగిందో మీకు చెప్పేస్తాను, వాళ్ళకి మాత్రం తెలీదు. ఉరిమి ఉరిమి వానకి గొంతు పోయింది. మంచం పట్టింది. అక్కని చూడ్డానికి చలి వారం రోజులకని సముద్రం ఒడ్డుకి వెళ్ళింది. ఇద్దరూ కొండ మీద లేకపోవడం అదే మొదటిసారి. చలి ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. తన మంచు గొంగళి కొండ శిఖరం మీదే మడతపెట్టి ఉంచింది. తిరిగొచ్చే మనిషి కదా! తల ఎత్తి చూసి ఉంటే అందరికీ కనపడేదే. కళ్ళు చెదిరే ఎండలో శిఖరం దాకా ఎవరు చూస్తారు?

వారం ముగిసే నాడు దేవుడమ్మ నిద్ర లేచింది. మంచం దిగింది. గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగి, తన కాళ్ళ వంక తానే చూసుకుంది.

"ఒలే సిలకా!" అని ఒక్క కేక పెట్టింది. "ఇలా రాయే! నా మోకాళ్ళు! నొప్పి నేదే! సలి ఎల్లిపోనాదే!"

"అత్తా, అప్పుడేనా? నాకెందుకో బయ్యంగా ఉంది. ఇంకో పది రోజులు ఆగుదుమా?" అంది చిలకమ్మ.

"నా మోకాళ్ళు ఎన్నడైనా అబద్దం సెప్పినాయా? తే పిల్లని!"

ఎవరు కాదంటారు? మోకాళ్ళే చెప్పాక ఇంకేముంది! డప్పులు వాయించారు. చలి పోయిందిలే అని ఊళ్ళో దుప్పట్లు, గొంగళ్ళు, బొంతలు అన్నీ ఏట్లో ముంచి ఉతికి, బండల మీద ఆరేశారు. దేవుడమ్మ మనవరాల్ని రెండు చేతులా పైకెత్తి, కొండలన్నీ వినేలా పేరు పెట్టింది.

"ముత్తెం!"

"ముత్తెం... ముత్తెం..." అంది ఎదుటి కొండ. దాని వెనక కొండ కూడా అంది. అలా ఒక కొండ ఇంకో కొండకి చెప్పి, అది వాగుకి చెప్పి, వాగు ఏటికి చెప్పి, ఏరు సముద్రానికి చెప్పేసింది.

సముద్రం ఒడ్డున అక్క తలకి తైలం రాస్తున్న చలి చెయ్యి ఆగిపోయింది.

"అక్కా, విన్నావా? పేరెట్టేసినారు! నన్ను పిలవకుండానే పేరెట్టేసినారు!" అంది. ఆవిడ కళ్ళు మెరిశాయి. "ముత్తెమంట! ఎంత ముద్దుగుందో సూడు!"

"ఎల్లకే సెల్లీ..." అంది వాన. గొంతు లేదు కదా, ఆ మాట బయటికి రాలేదు. చలి అప్పటికే పరుగు అందుకుంది.

ఇక్కడ కొండ మీద మధ్యాహ్నమైంది. చిలకమ్మ ముత్తేన్ని అత్తిపత్తి ఆకులో పడుకోబెట్టి, అందరితో కలిసి చింతకాయలు దులపడానికి వెళ్ళింది. పిల్ల ఒంటి మీద గుడ్డ లేదు. అంత వెచ్చగా ఉంటే గుడ్డెందుకు? దేవుడమ్మ అయితే చింతచెట్టు కింద మోకాళ్ళు మడిచి గొంతుక్కూర్చుంది. మళ్ళీ లేచింది. మళ్ళీ కూర్చుంది. అంత సంబరం!

అప్పుడు గాలి ఆగింది.

ఎండ అలాగే ఉంది గానీ అందులో వేడి లేదు. బండల మీద ఆరుతున్న గొంగళ్ళు ఒక్కసారిగా బిర్రబిగుసుకుపోయాయి. బోదురుకప్ప ఎగిరిపడింది.

"వచ్చేసినాది! ఓలమ్మో, వచ్చేసినాది!" అని అరుస్తూ చింతచెట్టు వైపు గెంతింది.

అత్తిపత్తి తల తిప్పి చూసింది. కొండ దారిలో చలి వస్తోంది. చేతులు చాపుకుని, నవ్వుకుంటూ, పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ నేరుగా తన దగ్గరికే వస్తోంది.

"ముత్తెమా! ఓ ముత్తెమా!" అని పిలిచింది.

పిల్లలూ, ఇప్పుడు మాత్రం మీరు ఊ అనకండి.

మీరు అనలేదు గానీ, ఆకులో ఉన్న ముత్తెం అంది. బోసినోటితో నవ్వుతూ "ఊ" అంది.

"నా తల్లే!" అని చలి చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఆకు అంచుకి తగిలింది.

అంత చల్లని చెయ్యి అత్తిపత్తిని ఎప్పుడూ తాకలేదు. పారిపోదామంటే కాళ్ళు లేవు. నిలువెల్లా ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటులో, పుట్టాక ఎన్నడూ చెయ్యని పని చేసింది. పిల్ల ఉన్న ఆకునీ దాని ఎదుటి ఆకునీ దగ్గరికి తెచ్చి, పిల్ల మీద మూసేసింది. పక్క ఆకులు వాటి మీద మూసుకున్నాయి. వాటి పక్కవీ మూసుకున్నాయి. కొమ్మ వాలిపోయింది. కాండం వంగిపోయింది.

చలి నిర్ఘాంతపోయింది. ఒక మొక్క తలుపు వేసుకోవడం ఆవిడ ఎక్కడా చూడలేదు.

"ఏటిది? నా మొకం మీదే ఏసేస్తావా? తియ్యి! ఒక్కపాలి సూసి ఎల్లిపోతాను," అంది. మళ్ళీ తాకింది. అత్తిపత్తి ఇంకా ముడుచుకుంది. తాకిన కొద్దీ ముడుచుకుంది. ముడుచుకున్న కొద్దీ చిన్నదైపోయి, నేలకి అంటుకుపోయింది. ఒళ్ళంతా గగుర్పొడిచి, ఆ పొడుచుకొచ్చినవి పొడుచుకొచ్చినట్టే గడ్డకట్టి, ముళ్ళైపోయాయి. ఇంత జరిగినా ఆకులు తెరవలేదు.

చింతచెట్టు కింద దేవుడమ్మ మోకాళ్ళు పట్టుకుని కుప్పకూలింది. ఎందుకో ఆవిడకి వెంటనే తెలిసిపోయింది.

"సిలకా, పరిగెత్తే! నా మోకాళ్ళు నన్ను మోసం సేసినాయే! నానే పేరెట్టినాను, నానే!"

చిలకమ్మ పరిగెత్తింది. దేవుడమ్మ దేకుతూ, పాకుతూ వెనకే వచ్చింది. వచ్చి చూస్తే ఆకుల తొట్టి లేదు. అంత ఎత్తు అత్తిపత్తి లేదు. నేల మీద ముళ్ళ ముద్ద ఒకటి ఉంది. దాని పక్కన చలి కూర్చుని, వేలితో మాటిమాటికీ తడుతోంది.

చిలకమ్మ అడుగు దూరంలో ఆగిపోయింది. ముసలామె మాత్రం చలి ఎదురుగా చతికిలబడింది.

"ఎల్లిపోయే మనిసివి ఒక మాట సెప్పి ఎల్లకూడదేటే?" అని కసిరింది.

"వారం రోజులకే కదప్పా. మా అక్కకి బాగోనేదు." చలి తల దించుకుంది. "నాకూ ఒక పిల్లని ఒళ్ళో ఎట్టుకోవాలనుంటది. అందరూ తలుపులేసేస్తారు. ఇదిగో, ఆకరికి ఈ మొక్క కూడా ఏసేసినాది."

దేవుడమ్మకి కోపం సగం చల్లారింది. ఎన్నేళ్ళుగా తెలిసిన మనిషి! ఏటా తన ఎముకల్లో కాపురం ఉన్న మనిషి!

"పసిపిల్ల నీ బరువు మొయ్యలేదే, పిచ్చిదానా," అంది. "ఒళ్ళు కావాలా? రా. ఇదిగో, నా మోకాళ్ళ మీద కూకో. నాను మోస్తాను. నా పిల్లని ఒదిలెయ్యి."

చలి నమ్మలేనట్టు చూసింది. ఆవిడని రమ్మని పిలిచినవాళ్ళు అంతవరకూ ఒక్కరూ లేరు. మెల్లగా లేచి, వచ్చి, ముసలామె మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. దేవుడమ్మ పళ్ళు బిగించుకుంది గానీ కదల్లేదు.

చిలకమ్మ ఒక్క ఉదుటున అత్తిపత్తి మీద పడింది. "ముత్తెమా!" అని పిలుస్తూ ఆకులు విప్పబోయింది.

ఆకులు ఇంకా బిగుసుకున్నాయి.

దానికేం తెలుసు? చెయ్యి తగిలితే చలి చెయ్యే అనుకుంది. పేరు వినపడితే చలి గొంతే అనుకుంది. చిలకమ్మ చేతులు ముళ్ళు గుచ్చుకుని రక్తాలు కారుతున్నాయి. లోపలి నుంచి ఒక్క చప్పుడు కూడా లేదు.

"నా బిడ్డ ఉందా, నేదా? అత్తా, లోపల సప్పుడు నేదే!"

"తియ్యి సెయ్యి!" అంది దేవుడమ్మ. "అది బెదిరిపోయి ఉందే. ముట్టుకోకు. పిలవకు. పక్కన కూకో."

తల్లికి చెప్పాల్సిన మాటేనా అది? లోపల పిల్ల బతికుందో లేదో తెలీదు, ముట్టుకోవద్దట! అయినా చిలకమ్మ రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. అంత కష్టమైన పని ఆమె జన్మలో చెయ్యలేదు.

ఎంతసేపు కూర్చుందో! బోదురుకప్ప కూడా గొంతు మూసుకుని పక్కన కూర్చుంది. చివరికి అట్టడుగు ఆకు ఒకటి కొంచెం కదిలింది. దాని పక్కది విచ్చుకుంది. తర్వాత ఇంకొకటి. ఒక్కో జతే, ఎవరైనా ఉన్నారేమో అని చూసుకుంటూ, భయం భయంగా విచ్చుకుంది.

లోపల ముత్తెం నిద్రపోతోంది. బుగ్గలు గులాబీ రంగులో వెచ్చగా ఉన్నాయి. నోట్లో బొటనవేలు ఉంది.

చిలకమ్మ అప్పుడు ఏడ్చింది. పిల్లని ఎత్తుకుని, అత్తిపత్తికి వంగి దణ్ణం పెట్టింది. ఆ బుగ్గల రంగు ఆకుల దగ్గర కాస్త మిగిలిపోయి, మర్నాటికి మెత్తటి గులాబీరంగు పువ్వై పూసింది. దేవుడమ్మ మాట ప్రకారం చలి పసిపిల్లల జోలికి పోవడం తగ్గించి, ముందు ముసలివాళ్ళ మోకాళ్ళ మీదే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ముత్తెం పెరిగింది, పెద్దదైంది, తనూ ముసలిదై మోకాళ్ళు పట్టుకుంది.

కానీ అత్తిపత్తి ఆ ఉలికిపాటులోంచి ఇంకా తేరుకోలేదు. తల్లి వచ్చి పిల్లని తీసుకెళ్ళిపోయిందన్న సంగతే దాని తలకెక్కలేదు.

మీరు వేలితో ముట్టుకుని, ముడుచుకోగానే "సిగ్గుపడింది, సిగ్గుపడింది" అని గెంతుతారే, అది సిగ్గు కాదర్రా! మీ వేలు చలి వేలనుకుంటుంది. వాన చినుకు తగిలినా అంతే. లోపల ముత్తెం ఉందనుకుంటుంది. ఎవరూ లేరు పాపం, ఖాళీ. అయినా గట్టిగా పట్టుకుంటుంది. ఇంకెప్పుడైనా ముట్టుకుంటే, మళ్ళీ మళ్ళీ తట్టకండి. చిలకమ్మలా కాసేపు పక్కన కూర్చోండి. అదే విచ్చుకుంటుంది.

అప్పటినుంచే అత్తిపత్తి ఒంటినిండా ముళ్ళతో నేలని కరుచుకుని ఉంటుంది, ఎవరు తాకినా ఉలిక్కిపడి ఆకులు ముడుచుకుంటుంది, చీకటి పడితే ఎవరూ తాకకపోయినా ముందే ముడుచుకుని, లేని పాపని పొద్దున్న దాకా కాపాడుతూ ఉంటుంది.