ఖడ్గయ్య పెద్ద ఇటుకలు

ఎర్రదిబ్బల అడవిలో జింకలు, కుందేళ్లు, ముంగిసలతో పాటు ఖడ్గయ్య అనే ముసలి ఖడ్గమృగం ఉంది. ఇప్పుడంటే అక్కడ ముళ్లపొదలు మొలిచాయి గానీ, ఒకప్పుడు అదంతా జంతువుల పట్నం. ఆ రోజులు తలుచుకుంటే చాలు, ఖడ్గయ్య గంటల కొద్దీ చెప్పుకుంటూ పోతాడు.

ఎంత ముచ్చటైన పట్నమని! తిన్నగా సాగే వీధులు, ప్రతి ఇంటి పక్కనా మూత వేసిన మురుగుకాలువ, ఏటి రేవులో వరసగా పడవలు. ఇక్కడి పత్తి, నువ్వులు దూరదేశాలకు పోయేవి. అక్కడి నుంచి రాగి, శంఖాలు వచ్చేవి. తెల్లారేసరికి రేవంతా బేరాల కేకలతో హోరెత్తిపోయేది.

ఆ పట్నంలో ఒక ఆచారం ఉండేది. ఇటుకలన్నీ గేదె గౌరమ్మ ఒకే అచ్చులో పోసి కాల్చేది. ప్రతి ఇంటివారూ గుమ్మం పక్కన కొన్ని ఇటుకలు పేర్చి ఉంచేవారు. వరదొచ్చి ఎవరి గోడ తెగినా, అందరూ తమ ఇటుకలు తెచ్చి ఆ గండి పూడ్చేవారు.

ఖడ్గయ్య అప్పట్లో పత్తి వ్యాపారి. వ్యాపారంతో పాటు తలబిరుసూ పెరిగింది. రేవు పక్కన కొత్త గిడ్డంగి కట్టాలని గౌరమ్మ దగ్గరకు వెళ్లాడు.

"నాకు వేరే అచ్చు చేయించు, పెద్దది. కుందేలు గోడలో ఉండే ఇటుక నా గోడలోనా? నలుగురూ నవ్విపోరూ?" అన్నాడు.

"కట్టేటప్పుడు బాగానే ఉంటుంది నాయనా. రేపు గోడ తెగితే ఎవరి ఇటుకలు తెచ్చి పెడతావు?" అంది గౌరమ్మ.

"నా గోడ తెగడమా! నాకెవరి ఇటుకా అక్కర్లేదు."

గౌరమ్మ పెద్ద అచ్చు చేయించింది. అడిగినట్టే పోసి ఇచ్చింది. గిడ్డంగి అందరి ఇళ్లకన్నా ఎత్తుగా లేచింది. ఖడ్గయ్య దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకుని మురిసిపోయాడు. గుమ్మం పక్కన మాత్రం ఒక్క ఇటుకా పేర్చలేదు. ఏడాది పత్తంతా లోపల నింపి, పడవ కోసం ఎదురుచూశాడు.

పడవకన్నా ముందు వరద వచ్చింది.

మొదట పక్కనే ఉన్న ముంగిస రత్తాలు పూసల కొట్టు గోడ తెగింది. ఇటుకలు చేతులు మారుతూ వచ్చాయి. అన్నీ ఒకే కొలతవి కావడంతో చక్కగా కుదురుకుని గండి మూసుకుపోయింది. అంతలోనే ఖడ్గయ్య గోడ తెగింది.

"అయ్యో, మన ఖడ్గయ్య గోడ!" అంటూ అందరూ అటు పరుగెత్తారు. ఇటుకల మీద ఇటుకలు పెట్టారు. ఒకటి ఊగింది, ఒకటి జారింది, ఏ వరసా ఆ గోడతో కలవలేదు. సందుల్లోంచి నీళ్లు తోసుకొచ్చాయి.

"నా కొలత ఇటుక ఒక్కటీ లేదా?" అని అరిచాడు ఖడ్గయ్య.

"నీ కొలత నీ ఒక్కడిదే కదన్నా!" అంది రత్తాలు ఏడుస్తూ.

గోడ కూలింది. పత్తంతా తడిసి ముద్దయి ఏట్లో కొట్టుకుపోయింది. తాను చిన్నచూపు చూసిన కుందేలు, మెడలోతు నీళ్లలో ఇంకా ఇటుక పట్టుకునే నిలబడి ఉంది. పత్తి పోయినందుకన్నా, దాన్ని చూసి ఖడ్గయ్యకు ఎక్కువ సిగ్గేసింది.

పడవ వచ్చినప్పుడు రత్తాలు పూసలు దేశాలు దాటాయి. ఖడ్గయ్య దగ్గర ఎక్కించడానికేమీ లేదు. ఆ ఏడే అందరి అచ్చుతో చిన్న గిడ్డంగి కట్టుకుని, గుమ్మం పక్కన అందరికన్నా ఎక్కువ ఇటుకలు పేర్చాడు.

తర్వాత కొన్నేళ్లకు ఏరు దారి మళ్లింది. పడవలు రావడం మానేశాయి. పట్నం మెల్లగా అడవిలో కలిసిపోయింది. ఇప్పటికీ జంతువులు దిబ్బల్లోంచి ఇటుకలు ఏరుకుని గుహలకు అరుగులు కట్టుకుంటాయి. ఎవరింటి ఇటుకైనా ఎవరి అరుగులోనైనా ఇట్టే కుదురుతుంది.

పాత రేవు దగ్గర ఒక్క పెద్ద ఇటుక మాత్రం ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది. ఖడ్గయ్య రోజూ సాయంత్రం దాని పక్కన కూర్చుని, ఆనాటి బేరాల కేకలు తలుచుకుంటూ ఉంటాడు.

నీతి: నలుగురితో కలవని గొప్ప, ఆపదలో అక్కరకు రాదు.