ఖాళీ బంతికి వడ్డన

మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకూడదంటారు. భుజంగం కళ్ళు మూసుకుని ధ్యానానికి కూర్చుంటే కోతి రాలేదు గానీ, తపాలా బిళ్ళ వచ్చి కూర్చునేది.

పాపం, అతని బాధ అతనిది. పెన్న గట్టున ఉన్న ఆ ఆశ్రమంలో స్వామివారు నొప్పుల తైలం కాచేవారు. ఏటా దాని ధరల కాగితం పాత ఖాతాదారులందరికీ పోస్టులో వెళ్ళేది. అది చూసి వాళ్ళు తైలం తెప్పించుకుంటే, ఆ డబ్బుతో వైద్యానికి వచ్చిన బీదాబిక్కీకి మధ్యాహ్నం అన్నం పెట్టేవారు. ఈ ఏడు పోస్టు ఖర్చు పెరిగింది. "ఇట్లయితే వచ్చే నెల నుంచి దినం తప్పించి దినం పొయ్యి వెలిగించాల్సిందే," అని వంటశాల చూసే కామాక్షమ్మగారు తేల్చి చెప్పింది.

భుజంగం ఆశ్రమానికి రాకముందు ఎరువుల కంపెనీ ఆఫీసులో పనిచేసినవాడు. ఇక్కడ ఏళ్ళుగా ఆ కాగితాలు పంపే పని అతనిదే. పోస్టు ఖర్చు తగ్గించే విద్య తనకు కొట్టిన పిండే అనుకున్నాడు. కవరు మానేసి కాగితాన్నే మడిచి అంటించాడు. బరువు తగ్గాలని పలచటి కాగితం తెప్పించాడు. స్వామివారి ఆశీర్వచనం నాలుగు వాక్యాలుంటే రెండుకు కుదించాడు. పిన్ కోడ్ల వారీగా కట్టలు కట్టి ఇస్తే రాయితీ దొరుకుతుందని తెలుసుకుని, చావడి నిండా కట్టలు పేర్చాడు. ఏ పిన్ కోడ్ చెప్పినా తడుముకోకుండా ఊరి పేరు చెప్పేవాడు. తోటి శిష్యులు నోరెళ్ళబెడితే లోలోపల పొంగిపోయేవాడు కూడా.

ఇంత చేసినా ఖర్చు దిగాల్సినంత దిగలేదు. ఇంకా ఎక్కడ కారిపోతోందో తెలుసుకోవాలని అతనికి ఒకటే కుతూహలం. స్వామివారిని అడుగుదామని వెతుక్కుంటూ పోతే, ఆయన చావడిలోనే ఒక కట్ట విప్పి తిరగేస్తూ కనిపించారు.

"స్వామీ, తగ్గించగలిగిందంతా తగ్గించాను. ఇంకేం తగ్గించమంటారు?"

"నాకూ అదే చిక్కు వచ్చిపడింది నాయనా, బియ్యంతో," అన్నారు స్వామివారు. "ఈ పూట వడ్డన నువ్వు చెయ్యి. మనిషికి రెండు గరిటెలు వేసేచోట ఒకటిన్నర వెయ్యి. చూద్దాం."

తాను అడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి? భుజంగానికి అంతుపట్టలేదు. ఏదో ఉంటుందిలే అని గరిటె పట్టుకున్నాడు.

మధ్యాహ్నం స్వామివారే స్వయంగా విస్తళ్ళు పరిచారు. ఎదురెదురుగా రెండు బంతులు. వచ్చినవాళ్ళు ఒక బంతికే సరిపోయారు. రెండోదాంట్లో విస్తళ్ళు తప్ప మనిషి లేడు.

మొదటి బంతిలో భుజంగం కొలిచినట్టు వడ్డించుకుంటూ పోయాడు. మోకాళ్ళకు కట్టు కట్టించుకున్న ఒక పెద్దాయన తలెత్తి, "ఇంకాస్త ఎయ్యి నాయనా," అన్నాడు. భుజంగం స్వామివారి వంక చూశాడు. ఆయన వద్దని తల అడ్డంగా ఊపారు. పెద్దాయన తన విస్తట్లోకి చూసుకున్నాడు. భుజంగానికి ప్రాణం చివుక్కుమంది.

"ఇంక ఆ బంతి," అన్నారు స్వామివారు.

"అక్కడ ఎవరూ లేరు గదా స్వామీ?"

"వెయ్యి."

వేశాడు. ఒక్కో ఖాళీ విస్తట్లో ఒకటిన్నర గరిటె. కామాక్షమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి నోరు నొక్కుకుంది. ఆఖరి విస్తరి దాకా వచ్చేసరికి గిన్నెలో అన్నమూ అయిపోయింది, భుజంగం ఓపికా అయిపోయింది.

"ఇదేం పొదుపు స్వామీ! తినేవాళ్ళకు కోసేసి, లేనివాళ్ళకు వడ్డిస్తామా?"

"లేరని నీకెట్లా తెలిసింది?"

"కంటికి కనిపిస్తూనే ఉంది గదా!"

"ఓహో. ఇక్కడ చూస్తున్నావన్నమాట."

స్వామివారు ఒక ధరల కాగితం తెచ్చి ఆ ఆఖరి విస్తరి పక్కన పెట్టారు. భుజంగం అలవాటుగా పిన్ కోడ్ చూశాడు. అది తన ఊరే. ఆ తరవాత, మొదటిసారిగా, పైనున్న పేరు చదివాడు.

అది వాళ్ళ నాన్న పేరు. ఆయన జీవితాంతం ఈ తైలమే రాసుకునేవాడు. పోయి మూడేళ్ళయింది. తలకొరివి పెట్టిన చేతులతోనే భుజంగం ఏటేటా ఆయనకు ధరల కాగితం పంపుతూ వచ్చాడు. పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి ఆ పేరు పిలిచి ఉంటాడు. అమ్మ ఏమని అందుకుందో! తలుచుకుంటే భుజంగానికి సిగ్గూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

అతను ఆ ఖాళీ బంతి పొడుగునా చూశాడు.

"మిగతా విస్తళ్ళు ఎవరివి స్వామీ?"

"నాకేం తెలుసు నాయనా? కట్టలు కట్టింది నువ్వు."

భుజంగం వంగి ఆ ఆఖరి విస్తరిని రెండు చేతులతో ఎత్తాడు. మెల్లగా నడిచి వెళ్ళి మోకాళ్ళ కట్టు పెద్దాయన ముందు పెట్టాడు.

"ఎవరిది నాయనా ఇది?" అన్నాడు ఆయన.

"మా నాయన వంతు. మీరు తినండి."