తడిగుడ్డకి ఊడొచ్చిన ముద్ర

రాజ్యం పేరు నన్నడగొద్దు గానీ, అక్కడ రాజుగారి బండ్ల అద్దాలు తుడిచే పైడమ్మ ఒకతె ఉండేది. ఆ పొద్దు ఆమెకి కాలు ఒకచోట నిలవడం లేదు. చిన్న రాకుమారి ప్రయాణం. గుర్రాలు గిట్టలతో నేల తవ్వుతున్నాయి. పాప బండిలో పగిలిన కిటికీకి బండ్లశాల అధికారి దండపాణి తన బావమరిది కొట్టు నుంచి కొత్త అద్దం తెచ్చి బిగించాడు. పాపకేమో ఆ కిటికీకి తల ఆనించి నిద్రపోయే అలవాటు. మంచి అద్దమైతే పగిలినా పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది. నాసిదైతే కత్తుల్లా దిగుతుంది.

"పరీక్ష చేసిన ముద్ర కనపడలేదా? ముద్రుంటే చాలు, ఎవరికీ ఏమీ కాదు. తుడిచి అవతలికి పో!" అన్నాడు దండపాణి, ఆమె ఆ అద్దం వంక అనుమానంగా చూడటం గమనించి.

పైడమ్మ తుడిచింది. ముద్ర తడిగుడ్డకి ఊడొచ్చేసింది. మిగతా అద్దాల ముద్రలు పదేళ్లుగా రుద్దుతోంది, ఒక్కటీ చెరగలేదు. అవి కొలిమిలోనే అద్దంలోకి దిగినవి.

చప్పున ఆ ఊడిన ముద్రని దండపాణి తలపాగాకి అంటించింది. "ఇక మీకేం కాదు బాబుగారూ. రాళ్లదారి దాటేదాకా పాప చోట్లో మీరే తల ఆనించి కూర్చోండి."

పాపని సాగనంపడానికొచ్చి మెట్ల మీంచి ఇదంతా చూస్తున్న రాణిగారు, "సరే, ఎక్కు దండపాణీ" అన్నారు.

దండపాణి చెయ్యి నుదుటి మీదికి పోయింది.

"మహారాణీ, గుర్రాలు విప్పించండి. అసలైన అద్దం తెప్పిస్తాను" అన్నాడు.

అప్పుడు గానీ పైడమ్మ కాలు నిలవలేదు.