ఓబులక్క మెడలో కండువా

నేను ఇంతవరకు ఏదీ రాసినదాన్ని కాదు. చదువు ఐదో తరగతితో సరి. నలుగురిలో నోరు తెరవాలంటేనే గుండె దడ. కానీ ఈ కథ కొన్నాళ్లుగా లోపల తిరుగుతా ఉంది, బయట పెట్టకపోతే ఊరుకునేట్టు లేదు. మనుషుల పేర్లు పెట్టి చెప్పే ధైర్యం నాకు లేదు, అందుకని జంతువుల మీద పెట్టి చెప్తాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఒక అడవిలో ఒక వాగు. ఇవతల గట్టున ఎలుగుబంటి పార్టీ, అవతల గట్టున అడవిపంది పార్టీ. వానలు బాగా పడినన్నాళ్లూ ఎవరిది ఏ పార్టీయో ఎవరికీ పట్టేది కాదు. ఆ ఏడు వాగు ఎండింది. అదే ఎండల్లో అడవి పెద్దను ఎన్నుకునే ఎన్నిక కూడా వచ్చిపడింది.

వాగు నడిమధ్య ఇసకలో ఓబులక్క అనే గాడిద ఉండేది. ముసలిదైందని యజమాని తోలేస్తే అక్కడికి చేరింది. ఇసక కింద నీళ్లెక్కడున్నాయో గాడిదలకు వాసన తెలుస్తుంది. ముందుకాళ్లతో గుంట తవ్వి చెలమ తీసింది. నడవగలిగినవాళ్లు రెండు గట్ల నుంచీ వచ్చి తాగిపోయేవాళ్లు. నడవలేనివాళ్లకు సొరబుర్రల్లో నింపుకుని, వీపున వేసుకుని, ఇంటింటికీ తనే పోసి వచ్చేది. ఎవరూ చెయ్యమనలేదు. చెయ్యొద్దనీ అనలేదు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడటం కూడా ఆమెకు చేతకాదు. తన జాతి పేరే తిట్టుగా వాడుకునే లోకంలో పుట్టినందుకేమో.

అవతల గట్టున రేగుపొదలో మాణిక్యం అనే జింక ఈనింది. ఈనేటప్పుడు నడుం పట్టేసి లేవలేకపోయింది. ఓబులక్క రోజూ ముందు అక్కడికే పోయేది.

"పిల్ల ఎట్టా ఉందే?"

"నువ్వు పోసిన పూట పొదుగు నిండుతుందక్కా. ఆలస్యమైతే ఇదిగో, నా చెవి పట్టుకుని చీకుతుంది."

"చెవిలో ఏమొస్తుంది రా పిచ్చి నాయనా!"

"దీనికి నీ పేరే పెట్టుకుంటా. ఓబులు."

"వద్దు తల్లీ. జింకపిల్లకి గాడిద పేరేంది, నవ్వుతారు." అట్టా అన్నదేగానీ ఆ రోజంతా ఓబులక్క నడక వేరేగా ఉంది.

ఇదంతా ఇవతల గట్టు నుంచి నక్క కోటప్ప చూస్తా ఉన్నాడు. ఎలుగుబంటికి కుడిభుజం ఆయన. ఒకనాడు చెలమ దగ్గరికి వచ్చాడు.

"ఓబులమ్మగారూ!"

ఇంకెవరినో పిలుస్తున్నాడనుకుని ఓబులక్క వెనక్కి తిరిగి చూసింది.

"మిమ్మల్నేనమ్మా. రేపు మన గట్టున చిన్న సభ. మీకు సన్మానం."

"నాకా? నేనేం చేశాను?"

"అదే మీ గొప్పతనం. ఇంతమంది గొంతు తడిపి, నేనేం చేశానంటారు. శాలువా కప్పుతాం. మీరు రెండు ముక్కలు మాట్లాడితే చాలు."

"అమ్మో, నేను మాట్లాడలేను బాబూ."

"అయితే మరీ మంచిది. మెడ వంచి నిలబడండి. మిగతాది మేం చూసుకుంటాం."

సభ జరిగింది. కోటప్ప ఆమె మెడలో గుడ్డ వేశాడు. మట్టిరంగు గుడ్డ, రెండు కొసలనా తేనెపట్టు బొమ్మ. శాలువా ఇంత సన్నగా ఉంటుందా అని ఓబులక్కకు అనిపించింది. తనకెప్పుడూ ఎవరూ కప్పలేదు గనక, ఇట్టాగే ఉంటుంది కాబోలు అనుకుంది. కాకులు ఏందో అరుస్తా ఉన్నాయి, చప్పట్లలో సరిగా వినపడలేదు. ఆమె కళ్లు నిండిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అందరి ముందూ ఆమెను "అమ్మగారూ" అని పిలవడం అదే మొదలు.

పొద్దున్నే ఆ గుడ్డ మాణిక్యానికి చూపిద్దామని మెడలో ఉంచుకునే పోయింది. పొద ముందు అడవిపంది మనిషి ముళ్లపంది, ముళ్లన్నీ విప్పుకుని అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఆగు. ఎవరి నీళ్లివి?"

"ఎవరియ్యేంది నాయనా? చెలమ నీళ్లు."

"చెలమ నీళ్లో, ఎలుగుబంటి నీళ్లో నీ మెడ చూస్తేనే తెలుస్తా ఉంది."

"ఇదా? ఇది శాలువా. సన్మానం చేశారు."

ముళ్లపంది పగలబడి నవ్వాడు. "శాలువా అంట! కండువాకీ శాలువాకీ తేడా తెలీదా? పార్టీలో చేరావని కాకులు నిన్నే అడవంతా చాటినయ్. ఓటు కోసం నీళ్లు పొయ్యొద్దని మా పెద్దాయన మాట. తాగినవాళ్లు ఈ గట్టున ఉండరు, అంతే."

ఓబులక్క తల విదిలించింది. కండువా ఇసకలో పడింది. "ఇదిగో, తీసేశా. నాకు తెలీక కప్పించుకున్నా. ఆ పిల్ల ముఖం చూసి పోనియ్యి నాయనా."

"మా వాళ్లకు నీళ్లు మేం తెప్పించుకుంటాం. నువ్వు నడువు."

ఓబులక్క పొద వైపు కేకేసింది. "మాణిక్యం! నువ్వైనా చెప్పవే!"

రేగాకులు కదిలాయి. మాట మాత్రం రాలేదు.

అడవిపంది నీళ్లు తెప్పించలేదు. ఎన్నిక పనుల్లో ఉన్నాడు. ఓబులక్క కండువా పళ్లతో పట్టుకుని కోటప్ప దగ్గరికి పరిగెత్తింది.

"ఇది తీసేసుకో. నేను ఏ పార్టీ కాదని నువ్వే చెప్పు. అవతల తల్లి ఎండిపోతా ఉంది."

కోటప్ప నవ్వాడు. ఈసారి "గారు" లేదు. "తీసేస్తే ఏమవుతుందో తెలుసా ఓబులూ? పందితో కలిసిపోయావని ఇవతల గట్టు అంటుంది. అప్పుడు ఇక్కడి ముసలాళ్లూ నీ నీళ్లు తాగరు. ఆలోచించుకో."

"మరి ఎందుకు వేశావయ్యా నాకు?"

"నువ్వు రెండు గట్లకీ పోసినన్నాళ్లు ఎవరికీ మా అవసరం పడలేదు గదా. ఇప్పుడు చూడు. అవతలోళ్లకి నాలుక ఎండేకొద్దీ పంది మీద కోపం వస్తుంది. వాళ్లే గట్టు దాటి మా దగ్గరికొస్తారు. నీళ్లాపింది మేం కాదు, వాళ్ల పెద్దే. మా చేతికి మట్టి అంటిందా?"

"దాటలేని వాళ్లో?"

ఎవరో పిలుస్తున్నారని కోటప్ప వెళ్లిపోయాడు.

ఓబులక్క కండువాని అక్కడే పడేసి బుర్రలు నింపుకుంది. ఇవతలోళ్లు ఏమన్నా అనుకోనీ అనుకుంది. పోతే ముళ్లపంది, తిరిగొచ్చి మళ్లీ పోతే మళ్లీ ముళ్లపంది. ఒకసారి అతన్ని తోసుకుని పోబోయింది. ముళ్లు గుచ్చుకుని ఒక బుర్ర పగిలింది. నీళ్లు ఇసకలోకి ఇంకిపోతుంటే పొదలోపల పిల్ల సన్నగా అరిచింది. తల్లి దాని నోరు మూస్తున్న చప్పుడు కూడా వినపడింది.

మరుసటి రోజు మధ్యాహ్నం అడవిపంది సభకని ముళ్లపంది పోయాడు. ఓబులక్క మిగిలిన బుర్రతో పొదలోకి దూరింది. మాణిక్యం పిల్లను నాకుతా ఉంది. పిల్ల కదలడం లేదు.

"తాగవే. ముందు నువ్వు తాగు, పాలొస్తాయి."

"ఎవరికక్కా?"

ఓబులక్క పిల్ల మీదికి వంగి చూసింది. బుర్ర కింద పెట్టేసింది.

"తెల్లారేటప్పటికి చెవి చీకడం మానేసింది," అంది మాణిక్యం. "నువ్వు వచ్చినప్పుడల్లా నీ అడుగులు విన్నా. నోటిదాకా వచ్చింది, పిలవలేకపోయా. ఈ పొద కూడా లేకపోతే దాన్ని ఎక్కడ దాచుకునేదాన్ని చెప్పు? దాచుకుందామనే నోరు మూసుకున్నా. అరిస్తే దాని నోరూ మూశా."

"ఊరుకో తల్లీ. కండువా కప్పించుకున్నది నేను."

ఇద్దరూ అట్టా కూర్చునే ఉన్నారు. బుర్రలో నీళ్లు ఎవరూ ముట్టలేదు.

కబురు ఎట్టా పోయిందో, పొద్దు వాలేసరికి రెండు పార్టీలూ దిగినయ్. అడవిపంది బూడిదరంగు కండువా తెచ్చాడు. కోటప్ప మట్టిరంగుది తెచ్చాడు.

"మా గట్టు బిడ్డ. మా కండువా కప్పాలి," అన్నాడు పంది.

"దాహంతో చంపింది మీరు. న్యాయం అడిగేది మేం. మాదే కప్పాలి," అన్నాడు కోటప్ప.

"ముందు మేమొచ్చాం!"

"దండలు మేం తెచ్చాం!"

అప్పుడు ఓబులక్క అరిచింది. పుట్టినప్పటి నుంచి లోపల దాచుకున్న అరుపు అది, రెండు గట్లూ అదిరినయ్. "గుక్కెడు నీళ్లు తేవడానికి ఒక్కడికీ కాళ్లు రాలేదు. గుడ్డలు తేవడానికి ఇద్దరికీ వచ్చినయ్యా? పోండి ఇక్కణ్ణుంచి!"

పోయారు. సిగ్గుపడి కాదు, అవతల ఇంకో సభ ఉండి. పోతూపోతూ కోటప్ప పక్కవాడితో అన్నాడు: "గాడిద గాడిదే రా."

ఓబులక్క గొయ్యి తవ్వింది. మాణిక్యం పాక్కుంటూ వచ్చి రేగాకులు పరిచింది. ఆ గోతిలో నీళ్లు ఊరకూడదని ఓబులక్క గట్టు మీద, ఎత్తున చూసి తవ్వింది.

ఎన్నికలో ఎవరు గెలిచారని నన్నడగొద్దు. ఓడిపోయింది మాత్రం ఓబులక్క. ఆమె మెడ వంచిన ఆ ఒక్క క్షణం చాలింది కోటప్పకి. కథకు నీతి ఉండాలంటారు గనక నాకు తెలిసింది చెప్తాను: ఊరికి సేవ చేసేవాళ్లు మెడలో ఏదైనా వేయించుకునే ముందు, అది మన కోసం వేస్తున్నారో, వాళ్ల కోసం వేస్తున్నారో అడిగి తెలుసుకోవాలి.

మర్నాడు పొద్దున, ఇంకా ఎవరూ లేవకముందే, ఓబులక్క అవతల గట్టు వారన కొత్త చెలమ తవ్వింది. నీళ్లు తేరుకునేదాకా ఉంది. తను అక్కడుంటే తాగడానికి భయపడేవాళ్లు ఉంటారని, తన కాలిగుర్తులు తోకతో చెరిపేసుకుంటూ బండల వెనక్కి పోయి నిలబడింది.